ఇంజన్ కంప్యూటర్‌లోని అంకె ఎవరి చేతిలో ఉంది?

పెట్రోల్ కారులో ఇంజెక్టర్ అంటే విద్యుత్తుతో తెరుచుకొని మూసుకొనే చిన్న వాల్వు. దాని వెనుక ఇంధనం నిలకడైన పీడనంలో ఉంటుంది కాబట్టి, వాల్వు ఎంతసేపు తెరిచి ఉంటే అంత ఇంధనం లోపలికి వెళుతుంది. ఆ సమయాన్ని నిర్ణయించేది ఇంజన్ కంప్యూటర్. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన ముఖ్యాంశం ఒకటుంది. కంప్యూటర్ ఇంధనాన్ని కొలవదు, కాలాన్ని మాత్రమే లెక్కిస్తుంది. ఇంజెక్టర్ నిమిషానికి ఎంత ఇంధనం వదలగలదో కర్మాగారంలోనే ఒక అంకెగానో, పట్టికలలో కలిపివేసో దానికి చెప్పి ఉంచుతారు. టర్బో బిగించి ఇంజన్ శక్తి పెంచాలనుకునేవారు పెద్ద ఇంజెక్టర్ అమర్చి ఆ అంకెను మార్చకపోతే, కంప్యూటర్ పాతదే ఉందనుకొని లెక్క వేస్తుంది.

నిమిషానికి 240 ఘనపు సెంటీమీటర్లు వదిలే ఇంజెక్టర్ స్థానంలో 360 వదిలేది పెట్టారనుకుందాం. ఇంధనం ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ నిష్పత్తి చెడితే నల్లటి పొగ వస్తుంది, పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కి పాడవుతుంది. అలాగని త్రైరాశికం వేసి 3 మిల్లీసెకన్లను 2కు తగ్గిస్తే సరిపోదు. విద్యుత్తు అందిన తరువాత వాల్వు కదలడానికి కొంత జాప్యం జరుగుతుంది. అది 1 మిల్లీసెకను అనుకుంటే, పాత ఇంజెక్టర్ నిజంగా ఇంధనం వదిలింది 2 మిల్లీసెకన్లే. కొత్తదానికి 1.33 చాలు. జాప్యం అంతే ఉంటే మొత్తం 2.33 ఇవ్వాలి. 2 మాత్రమే ఇస్తే అవసరమైన ఇంధనంలో నాలుగో వంతు తగ్గిపోతుంది. పైగా ఈ జాప్యం బ్యాటరీ వోల్టేజీని బట్టి మారుతుంది. కాబట్టి మార్చవలసినది ఒక్క అంకె కాదు.

కార్బురేటర్ కాలంలో ఈ చిక్కు లేదు. జెట్ మార్చడం, స్క్రూ తిప్పడం మెకానిక్ పని. ఆ పని అతని చేతి నుంచి ఎలా జారిపోయిందన్నదే మన ప్రశ్న.

అమెరికాలో బెండిక్స్ సంస్థ రూపొందించిన ఎలక్ట్రోజెక్టర్‌ను క్రైస్లర్ 1958 మోడళ్లలో కొన్నింటికి అమర్చింది. అది సరిగా పనిచేయక, ఆ కొద్ది కార్లలో చాలావాటికి మళ్లీ కార్బురేటర్లే బిగించారు. ఆ పేటెంట్లను ఆధారం చేసుకొని జర్మనీలోని బాష్ సంస్థ 1967లో డి-జెట్రోనిక్‌ను తెచ్చింది. అమెరికాకు ఎగుమతి చేసే ఫోక్స్‌వ్యాగన్ 1600 కార్లలో దాన్ని వాడారు. కారణం వేగం కాదు, కాలిఫోర్నియాలో బిగిస్తున్న పొగ నిబంధనలు. 1970లో అమెరికా స్వచ్ఛ వాయు చట్టం వచ్చాక కార్బురేటర్‌తో నెట్టుకురావడం క్రమంగా కష్టమయింది. ఇంజన్ కంప్యూటర్‌కు జన్మనిచ్చింది రేసు మైదానమని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో దాని అసలు తల్లి కాలుష్య చట్టమే.

డి-జెట్రోనిక్‌లో ప్రోగ్రామ్ లేదు. రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్లతో చేసిన అనలాగ్ వలయాలే లెక్క చేసేవి. 1976లో వోల్వో కార్లలోకి ఆక్సిజన్ సెన్సార్ వచ్చింది. పొగను చూసి చిన్న తప్పులను దిద్దుకొనే శక్తి దానితో వచ్చింది. ఈ దిద్దుబాటుకు హద్దు ఉంది. ఒకటిన్నర రెట్ల తేడాను అది మోయలేదు. పైగా పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు ఆనాటి కంప్యూటర్ ఆ సెన్సార్ మాట వినదు, పట్టికనే నమ్ముతుంది. 1979లో బి.ఎం.డబ్ల్యు. 732ఐ కారులో వచ్చిన మోట్రోనిక్ ఇంధనాన్ని, స్పార్క్‌ను ఒకే డిజిటల్ కంప్యూటర్ కిందికి తెచ్చింది. అప్పటి నుంచి పట్టికలు చిప్‌లో నివసిస్తున్నాయి.

చిప్‌లో ఉన్నది చదవవచ్చు, మార్చి రాయవచ్చు. 1980లలో కొందరు పెట్టె విప్పి చిప్ తీసి, అతినీలలోహిత కాంతితో చెరిపి, కొత్త పట్టికలు రాసి పెట్టేవారు. 2001లో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనే ఇద్దరు అమెరికన్లు మెగాస్క్విర్ట్ పేరుతో ఎవరైనా స్వయంగా అతికించుకొనే ఇంజన్ కంప్యూటర్‌ను తెచ్చారు. అందులో ఇంజన్ పరిమాణం, సిలిండర్ల సంఖ్య, ఇంజెక్టర్ ప్రవాహం యజమానే నింపుతాడు. కర్మాగారం దాచిన అంకె మళ్లీ కంటికి కనబడింది.

చట్టం వైపు కథ ఇంకోలా నడిచింది. 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టం సాఫ్ట్‌వేర్ తాళాలను దాటడాన్ని నిషేధించింది. పుస్తకాలు, సినిమాల కోసం చేసిన చట్టం కారు బానెట్ కిందికి వచ్చింది. యజమానులకు మినహాయింపు ఇవ్వాలన్న వాదనను 2015లో పర్యావరణ పరిరక్షణ సంస్థ వ్యతిరేకించింది. తాళం తీస్తే జనం పొగ నియంత్రణను తొలగిస్తారని దాని భయం. ఆ భయం నిరాధారం కాదు, ఇంజెక్టర్‌కు తగ్గట్టు లెక్క సరిచేసే పరికరంతోనే కన్వర్టర్ లేని కారునూ నడిపించవచ్చు. అయితే అదే ఏడాది సెప్టెంబరులో, పరీక్ష జరుగుతున్నప్పుడు మాత్రమే పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను ఫోక్స్‌వ్యాగనే తన డీజిల్ కార్లలో పెట్టిందని బయటపడింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటి 10 లక్షల వాహనాల్లో అది ఉంది. మూసి ఉన్న పెట్టె దొంగతనాన్ని ఆపలేదు సరికదా, దాచిపెట్టింది. అక్టోబరులో యజమానులకు మినహాయింపు దక్కింది, ఇతర చట్టాలను ఉల్లంఘించరాదన్న షరతుతో. యజమాని తరఫున మెకానిక్ ఆ పని చేయడానికి 2018 వరకు ఆగవలసి వచ్చింది.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 అమలులోకి రావడంతో, కార్లలో ఎప్పుడో కనుమరుగైన కార్బురేటర్ కొత్త మోటార్ సైకిళ్లలోనూ దాదాపుగా పోయింది. మన ఊళ్లలోని బండి మెకానిక్ స్క్రూడ్రైవర్ పక్కనే ఇప్పుడు స్కానర్ ఉంచుకోవలసి వస్తోంది. ఆ స్కానర్ చాలావరకు తప్పును చదివి చెబుతుంది. పట్టికను తెరవనివ్వదు.