పులికాట్ కత్రీన్ ఏ ఊరి మనిషి?

పులికాట్‌లో ఒలందావాళ్ల సమాధుల తోట తెలియనివారు లేరు. వాకిలికి అటూ ఇటూ రాతి అస్థిపంజరాలు, లోపల పెద్దపెద్ద పలకల మీద వంశచిహ్నాలు, ఒక పలక మీద వాళ్లు కట్టిన గెల్డ్రియా కోట బొమ్మ. 1897లో అలెగ్జాండర్ రీ ఇలాంటి కట్టడాలన్నిటికీ బొమ్మలు వేయించి పుస్తకం తెచ్చాడు. మంచి పనే. కానీ తర్వాత ఊరి చరిత్ర రాసినవాళ్లలో చాలామందికి ఆ రాళ్లే చరిత్రయిపోయాయి. 1610లో వేంకటపతి రాయల అనుమతి, 1613లో కోట, గవర్నర్లు, అద్దకం బట్టలు, సమాధులు. అక్కడితో సరి.

ఈ రేవు దాటి వెళ్లి దక్షిణాఫ్రికాలో ఒక వంశానికి మూలపుటమ్మ అయిన మనిషికి మాత్రం అందులో చోటు దొరకలేదు.

ఒలందా ఈస్టిండియా కంపెనీ కాగితాల్లో ఆమె ‘గ్రోటె కత్రీన్ ఫాన్ పలియకట్టా’, అంటే పులికాట్ పెద్ద కత్రీన్. బానిసగా బటావియా (నేటి జకార్తా) చేరింది. తన మీద చేయి చేసుకున్న ప్రియుడు ఆమె చేతిలో చనిపోయాడు. మరణశిక్ష పడింది. తర్వాత దాన్ని యావజ్జీవ ప్రవాసంగా మార్చి, 1657లో గుడ్‌హోప్ అగ్రానికి పంపేశారు. యాన్ ఫాన్ రీబెక్ అక్కడ స్థావరం వేసి అప్పటికి ఐదేళ్లే. అక్కడ బట్టలుతికి బతికింది. హాన్స్ క్రిస్టోఫెల్ స్నైమన్ అనే సిపాయి వల్ల కలిగిన కొడుక్కి 1669లో బాప్తిస్మం ఇప్పించింది. తండ్రి పేరే పెట్టుకున్న ఆ క్రిస్టోఫెల్ పెద్దవాడై, మతహింసకు తాళలేక తరలివచ్చిన కుటుంబంలోని మార్గెరీత్ ద సవోయ్‌ని పెళ్లాడాడు. దక్షిణాఫ్రికా స్నైమన్ల వంశం ఆ దంపతులదే.

అక్కడివాళ్లూ ఈ సంగతి చాలాకాలం చెప్పుకోలేదు. 1949లో తెల్లవాళ్లకూ ఇతరులకూ మధ్య పెళ్లిళ్లనే చట్టం నిషేధించిన దేశంలో, మా ముత్తవ్వ పులికాట్ బానిస అని ఎవరు నోరు తెరుస్తారు? 1971లో హీసె అనే పరిశోధకుడు ఆఫ్రికానర్ల మూలాల్లో సుమారు 7 శాతం ఐరోపా బయటివని తేల్చాడు.

‘పలియకట్టా అన్నది ఓడెక్కిన రేవు పేరు, పుట్టిన ఊరు కాదు’ అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. కావచ్చు. 17వ శతాబ్దంలో కరువో యుద్ధమో వచ్చినప్పుడల్లా లోపలి పల్లెల జనం బిడ్డల్ని తెగనమ్ముకున్నారు. కంపెనీ వాళ్లను కొని ఈ తీరం నుంచి వేలమందిని బటావియాకు ఎక్కించింది. ఆమె పుట్టింది తెలుగింట్లోనా తమిళింట్లోనా అన్న పేచీ ఇక్కడ అనవసరం. ఎక్కడో హాలెండ్‌లో పుట్టిన దొరలు ఈ ఇసుకలో కలిసినందుకే పులికాట్ వాళ్లయితే, చచ్చేదాకా ఈ ఊరినే ఇంటిపేరుగా మోసిన ఆడమనిషి పరాయిదెలా అవుతుంది? ఆమెను కొట్టిపారేసే ఆ వాదనలో న్యాయం లేదు.

పులికాట్ మీద ఇక ముందు పుస్తకం వేసేవారికి ఒక్కటే మనవి. కోట కట్టిన 1613 పక్కన కత్రీన్ గుడ్‌హోప్ అగ్రం చేరిన 1657 కూడా వేయండి. గవర్నర్ల పేర్ల కంటే ముందు ఆమె పేరు రాయండి.