మిల్వాకీ మంచినీళ్ళు

అమెరికాలోని మిల్వాకీకి నీటి ఎద్దడి అంటే ఏమిటో తెలియదు. ఊరి పక్కనే మిషిగన్ సరస్సు, కుళాయి తిప్పితే తేటనీళ్ళు. 1993 వసంతంలో ఆ నీళ్ళే కొందరి పాలిట మృత్యువయ్యాయి.

మార్చి ఆఖరి రోజుల్లో ఊరి దక్షిణాన ఉన్న నీటిశుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిలో మసక పెరిగి, 28న, 30న 1.7 యూనిట్లకు చేరింది. అయినా అప్పటి ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం ఆ నీళ్ళు తాగదగ్గవే. క్లోరిన్ కూడా కలిపారు. కానీ క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి గట్టి గుల్లలో దాక్కుని ఉంటుంది. నాలుగైదు మైక్రాన్ల ఆ గుల్లను క్లోరిన్ ఏమీ చేయలేదు. ఆ రోజుల్లో తయారైన ఐసుగడ్డల్ని తర్వాత కరిగించి చూస్తే వాటిలోనూ ఆ గుల్లలు కనిపించాయి.

ఊరంతా విరేచనాలతో పడకేసింది. మందుల షాపుల్లో విరేచనాలు ఆపే మాత్రలు అయిపోయాయి. బడులకు పిల్లలూ రాలేదు, టీచర్లూ రాలేదు. ఏప్రిల్ 7న మేయర్ నీళ్ళు కాచి తాగమన్నారు. 9న ఆ కేంద్రాన్ని మూసేశారు. మొత్తం 4,03,000 మంది జబ్బుపడ్డారని అంచనా. చాలామంది వారం పది రోజుల్లో లేచి పనుల్లో పడ్డారు.

లేవనివాళ్ళ కథ వేరు. అదే కుళాయి, అదే గ్లాసు. వీళ్ళలో ఎక్కువమందికి ఎయిడ్స్ ఉంది, అంతే తేడా. ఆరోగ్యవంతుడి పేగులో ఈ పురుగు కొన్నాళ్ళు పెరుగుతుంది, ఈలోగా ఒంటికి కాపలా కాసే సీడీ4 కణాలు దాన్ని తుడిచిపెట్టేస్తాయి. ఎయిడ్స్‌తో ఆ కణాలు అడుగంటిన ఒంట్లో దానికి అడ్డే లేదు. పుట్టిన గుల్లల్లో కొన్ని బయటికి పోకుండా లోపలే పగిలి, మళ్ళీ పేగు గోడనే పడతాయి. కొత్తగా చుక్క నీళ్ళు తాగకపోయినా జబ్బు తనను తానే పెంచుకుంటుంది. రోజుకు లీటర్ల కొద్దీ నీళ్ళ విరేచనాలు. సెలైన్ ఎక్కించినంత సేపూ బయటికి పోతూనే ఉంటుంది. తిన్నది ఒంటబట్టదు, కండ కరిగిపోతుంది. కొందరికి పిత్తనాళాల దాకా పాకి కడుపునొప్పి పట్టుకుంటుంది. అప్పట్లో ఇచ్చిన మందులేవీ దాన్ని మాన్పలేకపోయాయి.

ఏది తినాలో, ఏది తినకూడదో ఎంచుకుంటూ, దగ్గేవాళ్ళకు దూరంగా ఉంటూ, ఉన్న కాస్త ప్రాణాన్ని ఒడుపుగా కాపాడుకుంటున్న మనుషులు వాళ్ళు. సర్కారు కుళాయిని అనుమానించాలని వాళ్ళకు ఎవరు చెప్పారు? ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె పట్టేస్తుంది.

మరణ ధ్రువపత్రాలు తిరగేసినప్పుడు లెక్క తేలింది. ఆ ఉపద్రవానికి ముందు రెండేళ్ళలో ఈ జబ్బు పేరున్న మరణాలు 4. తర్వాతి రెండేళ్ళలో 54. వాటిలో 85 శాతం ఎయిడ్స్ రోగులవే. మిల్వాకీ అనగానే అందరూ నాలుగు లక్షల అంకె చెబుతారు. నాకు మాత్రం ఈ 54 పెద్దదిగా తోస్తుంది. నాలుగు లక్షల మందికి అదొక పాడు వారం. వీళ్ళకు అదే ఆఖరి జబ్బు, అదీ నెలల తరబడి.

ఆ తర్వాత నగరం నీళ్ళు తోడే గొట్టాన్ని సరస్సులోకి ఇంకా దూరం పొడిగించింది. క్లోరిన్‌కు లొంగని గుల్లలను చంపగల ఓజోన్ శుద్ధిని 1998లో మొదలుపెట్టింది. అంతకు రెండేళ్ళ ముందే, 1996లో, హెచ్‌ఐవీని అదుపు చేసే మందుల కలయిక చేతికొచ్చింది. ఆ మందులతో సీడీ4 కణాలు పెరిగినవాళ్ళలో, పురుగు కోసం వేరే మందేమీ వాడకుండానే విరేచనాలు ఆగిపోవడం డాక్టర్లు చూశారు. 1993లో ఆ నీళ్ళు తాగినవాళ్ళు ఇంకో మూడేళ్ళు నిలబడగలిగి ఉంటే ఆ మందు వాళ్ళకూ అందేది.