మూసీ ఒడ్డున ఒక రోజు: పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ దాకా

ఈ ఎపిసోడ్‌లో కోటలు లేవు, రాజుల యుద్ధాలు లేవు. ఒక నది పక్కన పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిచాం, అంతే. ఆ నది మూసీ. ముక్కు మూసుకుని బ్రిడ్జి దాటేసే మూసీనే. హైదరాబాద్‌లో ఇన్నేళ్ళుగా ఉంటున్నా నేను దాన్ని బస్సు కిటికీలోంచి తప్ప సరిగ్గా చూడలేదు. 2025 సెప్టెంబర్ చివర్లో వరద వచ్చి ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్ళు దూరాయి కదా, ఆ వీడియోలు చూశాక అనిపించింది, అసలు ఈ నది ఎక్కడెక్కడి దాకా తనదనుకుంటోందో ఒకసారి నడిచి చూద్దామని. నీళ్ళు తగ్గాక అక్టోబర్‌లో ఒక ఆదివారం బయల్దేరాం. నేను, కెమెరా పట్టుకునే మా ఫ్రెండు.

మొదలుపెట్టింది పురానాపూల్ దగ్గర. పేరులోనే ఉంది, పాత వంతెన. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించాడు. గమనించండి, చార్మినార్ 1591. అంటే హైదరాబాద్ అనే ఊరు పుట్టకముందే ఈ వంతెన ఉంది. గోల్కొండ నుంచి నది దాటి ఇవతలికి రావడానికి కట్టిన దారి ఇది. ఇక్కడ అందరూ చెప్పే ప్రేమకథ ఒకటుంది, కులీ కుతుబ్ షా భాగమతి కోసం వరద నదిలో గుర్రం దూకించాడు, అది చూసి తండ్రి వంతెన కట్టించాడు అని. కథ బాగుంటుంది కానీ తేదీలు చూస్తే నాకు నమ్మబుద్ధి కాదు. వంతెన కట్టేనాటికి కులీ వయసు పదమూడేళ్ళు. గోల్కొండ లాంటి వ్యాపార రాజ్యానికి వంతెన కావాలంటే ప్రేమే కారణం కానక్కర్లేదు. తర్వాతి శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఈ వంతెనని చూసి, పారిస్‌లోని పాంత్ నఫ్‌కి పెద్దగా తీసిపోదని రాసుకున్నాడు.

ఇప్పుడు దాని మీద కూరగాయల మార్కెట్ నడుస్తోంది. పక్కనే కొత్త వంతెన వచ్చాక బండ్లన్నీ అటు వెళ్ళిపోయి, పాతదాని మీద టమాటాలు, కొత్తిమీర పరుచుకున్నాయి. నేను గోడ వైపు కెమెరా పెట్టిస్తుంటే ఒక పెద్దమ్మ అడ్డుకుంది. "ఏం తీస్తున్నవ్ బిడ్డా? రేటు అడగవ్, రాళ్ళ ఫొటో తీస్తవా?" అంది. పావుకిలో మిర్చి కొన్నాకే ముందుకు పోనిచ్చింది. ఆ మిర్చి సంచి రోజంతా నా చేతిలో ఊగుతూనే ఉంది, వీడియోలో కనిపిస్తుంది.

ఆ వంతెన గోడ మీద చెయ్యి వేసి నిలబడి మనం 1908కి వెళ్ళాలి. ఈ ఎపిసోడ్ మొత్తం నిజానికి ఆ ఒక్క రోజు గురించే. 1908 సెప్టెంబర్ 28. పాతబస్తీలో పెద్దవాళ్ళు దాన్ని తుగ్యానీ అంటారు, ఉర్దూలో వరద అని. వరదలు చాలా వచ్చాయి, తుగ్యానీ అంటే మాత్రం అదొక్కటే.

ఏం జరిగిందంటే, ఎగువన విపరీతమైన వాన. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు పడింది. ఇంత వాన ఏ నదికైనా ఎక్కువే. కానీ అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. మూసీ పరీవాహకంలో అప్పటికి 788 చెరువులు ఉండేవి, సుమారు చదరపు మైలుకి ఒకటి. ఒకదాని అలుగు నీళ్ళు కింద దాంట్లోకి, దాని అలుగు ఇంకో దాంట్లోకి. గొలుసుకట్టు చెరువులు అంటాం కదా, అదే. మామూలు రోజుల్లో అంతకంటే తెలివైన ఏర్పాటు లేదు. కానీ పైది తెగితే దాని నీళ్ళన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది, రెండు చెరువుల నీళ్ళు కలిసి మూడోదాని మీదికి వస్తాయి. నేను సర్వర్ల ఉద్యోగం చేసిన రోజుల్లో ఒకటి పడిపోతే దాని లోడ్ పక్కదాని మీద పడి వరసగా అన్నీ కూలడం చూశాను. అక్కడ రీస్టార్ట్ కొట్టేవాళ్ళం. ఇక్కడ ఆ రెండు రోజుల్లో 221 చెరువులు తెగాయి.

ఆ నీళ్ళన్నీ కలిసి ఊళ్ళోకి వచ్చినప్పుడు ప్రవాహం 4,25,000 క్యూసెక్కులని తర్వాత లెక్కగట్టారు. అఫ్జల్‌గంజ్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన, మూడూ కొట్టుకుపోయాయి. నిలబడింది అన్నిటికంటే పాతదైన పురానాపూలే. చనిపోయినవాళ్ళు సుమారు 15,000 మంది అని ఎక్కువగా చెప్పే లెక్క.

పురానాపూల్ నుంచి దక్షిణపు ఒడ్డు వెంబడి నడిస్తే ముసల్లం జంగ్ పూల్ దాటాక సిటీ కాలేజీ, ఆ తర్వాత హైకోర్టు వస్తాయి. ఎదురుగా అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు. ఎండ పైకొచ్చే టైముకి మేం సరిగ్గా ఆ ఎదురెదురు భవనాల మధ్య ఉన్నాం. ఈ భవనాలన్నీ ఎందుకు నది ముఖంగా, వరసగా, ఒకే రకం దర్జాతో ఉన్నాయా అని నాకు ఎప్పుడూ తట్టలేదు. ఇవి వరద తర్వాత వచ్చినవి. 1911లో ఆరో నిజాం పోయాక ఉస్మాన్ అలీ ఖాన్ వచ్చాడు, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టాడు. విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లిష్ ఆర్కిటెక్టుని పిలిపించారు. హైకోర్టు 1920లో తెరిచారు. అంటే ఈరోజు మనం హెరిటేజ్ అని ఫొటోలు తీసుకునే నదీతీరం ఒక విపత్తు తర్వాత ఖాళీ అయిన నేల మీద లేచింది. ఖాళీ కాకముందు అక్కడ ఉన్నవాళ్ళ ఇళ్ళ ఫొటోలు మాత్రం మనకి అంతగా దొరకవు.

నయాపూల్ ఎక్కి అవతలికి దాటాం. సాలార్‌జంగ్ మ్యూజియం ఇవతలే ఉండిపోయింది, దానికి వేరే రోజు కావాలి.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. అక్కడికి వెళ్ళాలనే నేను అసలు ఈ నడక ప్లాన్ చేశాను. 1908లో ఇక్కడ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది, 1866లో మొదలైంది. వరద దాన్ని తీసుకుపోయింది. ఆ రోజు దాదాపు 150 మంది ఈ చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. చెట్టు ఇంకా ఉంది. కింద పేషెంట్ల బంధువులు టిఫిన్ క్యారియర్లు విప్పుకుని అన్నం తింటున్నారు. ఒకాయన తలకింద సంచి పెట్టుకుని నిద్రపోతున్నాడు. చెట్టు ఎత్తు చూసి, 150 మంది ఎలా పట్టారా అని కొమ్మలు లెక్కపెట్టబోయాను. సరిపోయేలా అనిపించలేదు. ప్రాణం మీదికి వస్తే పడతారేమో.

అందరికీ చెట్టు దొరకలేదు. అమ్జద్ హైదరాబాదీ అని గొప్ప ఉర్దూ కవి, రుబాయీలకి పేరుపడ్డాడు. ఆ వరదలో ఆయన కళ్ళముందే తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు. ఆయనొక్కడే మిగిలాడు. ఆ రోజు మీద ఆయన రాసిన కవిత పేరు 'ఖయామతె సుగ్రా', చిన్న ప్రళయం అని అర్థం. 15,000 అనే అంకె కంటే ఈ ఒక్క ఇంటి సంగతే నాకు ఎక్కువసేపు తలలో తిరిగింది.

2020 జూలైలో ఇదే ఆసుపత్రి పాత భవనం వార్డుల్లోకి మురుగు, వాన నీళ్ళు వచ్చాయి, గుర్తుందా? మంచాల చుట్టూ నీళ్ళు. ఆ తర్వాత పాత భవనాన్ని ఖాళీ చేశారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది.

అఫ్జల్‌గంజ్ దగ్గర ఇరానీ చాయ్ తాగి, గౌలిగూడ మీదుగా ఎంజీబీఎస్ వైపు నడిచాం. చాయ్ తాగుతూ మా ఫ్రెండు అడిగిన ప్రశ్న ఇది. "1908 తర్వాత ఇంజినీర్లు ఏం చేశారు మరి?"

చాలా చేశారు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిచారు. ఆయన చెప్పిన పరిష్కారం ఊళ్ళో గోడలు కట్టడంతో ఆగలేదు. ఊరికి పైన, మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు జలాశయాలు కట్టి వరదని అక్కడే పట్టుకోమన్నారు. అవే గండిపేట అనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. మొదటిది 1920, రెండోది 1927. కిటుకు ఏమిటంటే, వరదని పట్టుకోవాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి. తాగునీళ్ళకి కావాలంటే నిండా ఉండాలి. రెండు పనులూ ఒకే కుండతో చేయాలి. సెప్టెంబర్ చివరికి కుండ నిండిపోయి ఉంటే, పైనుంచి పెద్ద వాన వస్తే, గేట్లు ఎత్తడం తప్ప దారి లేదు. 2025 సెప్టెంబర్ 26 రాత్రి జరిగింది అదే. ప్రవాహం 1908తో పోలిస్తే చిన్నదే. కానీ అప్పటికీ ఇప్పటికీ నది వెడల్పు ఒకటి కాదు. తేదీ చూడండి, రెండు రోజుల తేడా.

ఆ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల దాకా పెద్ద కట్టడాలు రాకుండా 1996లో జీవో 111 తెచ్చారు, 84 గ్రామాలకి వర్తించేది. 2022లో జీవో 69తో దాన్ని తీసేశారు. అక్కడి రైతుల వాదన కూడా నేను విన్నాను. చుట్టూ భూములు కోట్లు పలుకుతుంటే తమది మాత్రం అమ్ముడుపోదని. అది అబద్ధం కాదు. అయినా నా అభిప్రాయం, ఆ నేల కాంక్రీటు అయితే వాన ఇంకిపోయే చోటు ఉండదు, అదే నీరు ఇంకా వేగంగా కిందికి వస్తుంది. కామెంట్లలో తిట్టొచ్చు, పర్లేదు.

ఎంజీబీఎస్ గురించి చెప్పాలి. ఆ చోటుకి పాత పేరు ఇమ్లీబన్, చింతతోపు అని. మూసీ మధ్యలో ఉన్న నేల అది, 1990ల్లో అక్కడ బస్టాండ్ కట్టారు. బస్సు దిగి బయటికి రావాలంటే నది మీదుగానే రావాలి, మనం గమనించం అంతే. మేం వెళ్ళేసరికి ప్లాట్‌ఫారాలు కడిగేశారు. మూలల్లో మాత్రం బురద ఎండి పెచ్చులుగా లేస్తోంది.

సాయంత్రానికి చాదర్‌ఘాట్. అవతల కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది, 1857 జూలైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దాడి చేసిన భవనం. దాని కోసం ఇంకో ఎపిసోడ్ చేస్తాం. ఈసారి మేం ఒడ్డు మీద మూసానగర్ వైపు దిగాం.

2024లో మూసీ ప్రాజెక్టు సర్వేలో ఇక్కడి ఇళ్ళ మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. నదీగర్భంలో ఉన్న ఇల్లు అని గుర్తు. కొన్ని కుటుంబాలు డబుల్ బెడ్‌రూం ఇళ్ళకి వెళ్ళాయి, ఆ ఇళ్ళు కూల్చేశారు. మేం చూసిన ఒక గోడ మీద ఎర్ర అక్షరాలు ఇంకా ఉన్నాయి, వాటికి జానెడు పైన బురద గీత. అంటే సర్వేవాళ్ళు రాసిందాన్ని నది వచ్చి ఖాయం చేసి వెళ్ళింది. నేను ఆ మాట కెమెరా ముందు చాలా తెలివిగా అన్నాను. గుమ్మంలో కూర్చున్న ఆమె విని నవ్వలేదు.

"నదిల ఉన్నమని మాకు తెల్వదా అన్నా? ముప్పై ఏండ్ల సంది ఉంటున్న. కరెంటు బిల్లు ఇచ్చినప్పుడు నది కాదు, ఓటు అడిగినప్పుడు నది కాదు."

వెళ్ళిపోవచ్చుగా అని అడగడానికి నాకు నోరు రాలేదు, ఆమే చెప్పింది. ఇంట్లో మగాయన మలక్‌పేట మార్కెట్‌లో హమాలీ, తెల్లారుజామున పని మొదలు. ఇల్లు దూరమిస్తే పని పోతుంది.

తర్వాత ఆమె నన్ను ఒకటి అడిగింది. "మీరు వీడియోలు చేస్తరు కదా. గండిపేట గేట్లు ఎత్తుతున్నరని మాకు ముందుగాల చెప్పేటిది ఏమన్న ఉంటదా ఫోన్ల? ఆ రాత్రి మైకుల చెప్పిండ్రు, గప్పటికే నీళ్ళు గల్లీల ఉన్నయ్."

ఇంజినీరింగ్ చదివినవాణ్ణి, కోడ్ రాసినవాణ్ణి. జలమండలి పెట్టే లెక్కలు ఎక్కడ చూడాలో చూపించబోయాను. ఆమెది కీప్యాడ్ ఫోన్. చీకటి పడుతోంది, మా ఫ్రెండు బ్యాటరీ అయిపోయిందని సైగ చేశాడు. మిర్చి సంచి ఆమెకిచ్చేసి, నంబర్ తీసుకున్నాను. ఈసారి గేట్లు ఎత్తే వార్త వస్తే ఫోన్ చేస్తానని చెప్పాను.