స్కేట్‌బోర్డింగ్ పత్రికలు: చరిత్ర, పరిరక్షణ

అమెరికాలో తొలి స్కేట్‌బోర్డింగ్ పత్రికగా పరిగణింపబడే ‘ది క్వార్టర్లీ స్కేట్‌బోర్డర్’ 1964-65లో నాలుగు సంచికలతోనే ఆగిపోయింది. 1975లో ‘స్కేట్‌బోర్డర్’గా పునఃప్రారంభమై, 1980లో ‘యాక్షన్ నౌ’గా మారింది. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ‘థ్రాషర్’, 1983లో ‘ట్రాన్స్‌వరల్డ్ స్కేట్‌బోర్డింగ్’ వెలువడ్డాయి.

1970ల చివర బీమా భారం, ప్రమాద వ్యాజ్యాల భయం కారణంగా అనేక స్కేట్ పార్కులు మూతపడ్డాయి, కొన్ని నేలమట్టమయ్యాయి. వాటి రూపురేఖలకు నేడు ఈ పత్రికల ఛాయాచిత్రాలే ముఖ్య ఆధారాలు. యురేథేన్ చక్రాల వంటి పరికరాల పరిణామాన్ని ప్రకటనలూ, క్రీడాకారుల అభిరుచులను పాఠకుల లేఖలూ నమోదు చేశాయి.

కనుక వ్యాసాలను మాత్రమే ఏరి డిజిటలీకరిస్తే ఈ సాక్ష్యాలు జారిపోతాయి. ముఖచిత్రం మొదలు చివరి అట్టపై ప్రకటన వరకు సంచికను యథాతథంగా భద్రపరచినప్పుడే అది చరిత్రకారునికి సమగ్ర ఆధారమవుతుంది.