కొండలెక్కిన రెండు లాంచీలు

చాలా ఏళ్ల క్రితం ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో 'ది ఆఫ్రికన్ క్వీన్' చిత్రం చూశాను. జాన్ హ్యూస్టన్ దర్శకత్వంలో 1951లో వచ్చినది. ఒక తాగుబోతు పడవవాడు, ఒక మిషనరీ సోదరి కలిసి తుప్పుపట్టిన ఆవిరి లాంచీలో నది వెంట దిగి, సరస్సులో కాపలా తిరుగుతున్న జర్మన్ ఓడను ముంచాలని బయలుదేరే కథ. హంఫ్రీ బోగార్ట్‌నూ, కాథరిన్ హెప్‌బర్న్‌నూ చూసి మురిసిపోయి ఇంటికి వచ్చాను గాని, కథ మాత్రం నమ్మలేదు. ఆఫ్రికా నడిబొడ్డున సరస్సులో యుద్ధనౌక ఏమిటి, దాన్ని ముంచడానికి ఓ లాంచీ ఏమిటి, అంతా రచయిత కల్పన అనుకున్నాను.

ఆ చిత్రానికి మూలం సి. ఎస్. ఫారెస్టర్ 1935లో రాసిన నవల. ఆ నవలకు ప్రేరణగా చెప్పే అసలు సంఘటన తర్వాతెప్పుడో నా కంటబడింది. చదివాక, ఫారెస్టర్ కల్పించింది తక్కువ, తగ్గించింది ఎక్కువ అనిపించింది.

టాంగన్యీకా సరస్సు ఉత్తర దక్షిణాలుగా దాదాపు 670 కిలోమీటర్ల పొడవున్న నీటి చీలిక. మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి దాని తూర్పు ఒడ్డు జర్మనీది, పశ్చిమపు ఒడ్డు బెల్జియం ఏలుబడిలోని కాంగోది. 1914 ఆగస్టులోనే జర్మన్లు బెల్జియన్ల ఆవిరి ఓడ 'అలెగ్జాండర్ డెల్‌కమ్యూన్'ను దెబ్బతీశారు. అంతటితో 'హెడ్‌విగ్ ఫాన్ విస్‌మన్', 'కింగాని' అనే రెండు చిన్న ఓడలతో సరస్సంతా వాళ్లదైపోయింది. చాలదన్నట్టు 'గ్రాఫ్ ఫాన్ గోట్జెన్' అనే డెబ్భై మీటర్ల ఓడను జర్మనీలోని పాపెన్‌బుర్గ్‌లో కట్టి, విడదీసి, 5,000 పెట్టెల్లో సర్ది, దారెస్సలాం రేవునుంచి రైలులో కిగోమాకు తెచ్చి మళ్లీ బిగించుకున్నారు.

1915 ఏప్రిల్‌లో జాన్ లీ అనే వేటగాడు లండనులో నౌకాదళ కార్యాలయానికి వెళ్లి అడ్మిరల్ హెన్రీ జాక్సన్‌ను కలిశాడు. ఆ ప్రాంతం కాలినడకన తిరిగినవాడు, బోయర్ యుద్ధంలో పనిచేసినవాడు. అతని సలహా ఒక్కటే: పెద్ద ఓడను తరలించడం అసాధ్యం. వేగంగా పోయే చిన్న మోటారు పడవలైతే ఇంగ్లండునుంచి విప్పకుండానే తీసుకుపోవచ్చు. జాక్సన్ ఒప్పుకున్నాడు.

పడవలు కొత్తగా కట్టించే వ్యవధి లేదు. గ్రీకు వైమానిక దళం సముద్ర విమానాల సేవకోసం థార్నీక్రాఫ్ట్ కంపెనీకి పురమాయించిన లాంచీలలో రెండింటిని నౌకాదళం తన చేతిలోకి తీసుకుంది. ఒకరికోసం కట్టినదాన్ని మరొకరు తమ పనికి మలచుకోవడమన్నమాట. నలభై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, మహాగని చెక్క, ఒక్కోదానికి రెండు పెట్రోలు ఇంజన్లు. గోదావరి మీద లాంచీ ఎక్కినవారికి ఇది పెద్ద పడవేమీ కాదని తెలుస్తుంది. ముందు భాగాన ఒక చిన్న ఫిరంగి, వెనుక ఒక మాగ్జిం తుపాకీ బిగించారు. ఆ ఫిరంగిని సూటిగా ముందుకు తప్ప పక్కలకు పేలిస్తే పడవకే ముప్పు.

దళాధిపతి జెఫ్రీ స్పైసర్-సిమ్సన్. అప్పటికి ఉద్యోగంలో పెద్దగా పైకి రాని అధికారి, గొప్పలు చెప్పుకోవడంలో మాత్రం అందెవేసిన చెయ్యి. పడవలకు 'పిల్లి', 'కుక్క' అని పేర్లు పెడతానంటే పైవాళ్లు కాదన్నారు. అయితే సరేనని 'మిమి', 'టూటూ' అన్నాడు. ఫ్రెంచిలో అవీ పిల్లికీ కుక్కకీ ముద్దుపేర్లేనని పైవాళ్లకు వెలగలేదు కాబోలు, ఆమోదించారు! ఇతని వేషభాషల మీద, ఒంటినిండా ఉన్న పచ్చబొట్ల మీద పుస్తకాలలో పేజీలకు పేజీలు ఉన్నాయి. నాకు ఆసక్తి కలిగింది మనిషి మీద కాదు, దారి మీద.

1915 జూన్ 15న పడవలు రెండూ 'లాన్‌స్టెఫన్ కాసిల్' అనే ప్రయాణికుల ఓడమీద టిల్‌బరీ రేవు దాటాయి. జూలై 2న కేప్‌టౌన్ చేరాయి. అక్కడినుంచి రైలు. బులవాయో మీదుగా జూలై 26న ఎలిజబెత్‌విల్ (ఇప్పటి లుబుంబాషి), ఆగస్టు 5న ఫుంగురుమే. పట్టాలు అక్కడితో అయిపోయాయి.

తర్వాతి రైలు సాంకిసియా అనే చోట. మధ్యలో 146 మైళ్లు, అంటే సుమారు 235 కిలోమీటర్లు. హైదరాబాదునుంచి విజయవాడకు ఉన్నదానికన్నా కొంచెం తక్కువ. కాని ఆ మధ్యలో మిటుంబా పర్వతాలున్నాయి, అడవి ఉంది, ఎండిన వాగులున్నాయి. దారి లేదు. లీ ముందుగా వచ్చి బాట చూసి, కొట్టించే పని మొదలుపెట్టించాడు. కాని అతని మీద నిందలు మోపి స్పైసర్-సిమ్సన్ దళంనుంచి తొలగించాడు. ఆలోచన ఎవరిదో అతనికే ఆ దారిన నడిచే భాగ్యం లేకపోయింది.

వందలమంది స్థానికులు చెట్లు నరికి, బండరాళ్లు తొలగించి, వాగుల మీద దుంగలతో వంతెనలు కట్టారు. ఆ వంతెనలు సుమారు 150. వాటి మీద రెండు ఆవిరి ట్రాక్టర్లు పడవలను బండ్లమీదికెక్కించి లాగాలి. ఆగస్టు 18న కదిలాయి. బరువుకు కొన్ని వంతెనలు కుంగాయి, ట్రాక్టర్లు ఒరిగాయి. లేపడం, మళ్లీ కట్టడం, మళ్లీ కదలడం. ఏటవాలు ఎక్కువైన చోట ట్రాక్టర్లు చేతులెత్తేస్తే, ఎడ్లను కట్టి, చెట్లకు కప్పీలు బిగించి, మోకులతో అడుగడుగూ పైకి లాగారు.

అన్నిటికంటె నన్ను ఆపేసింది నీటి సంగతి. ఆవిరి ఇంజనుకు కట్టెలెంత కావాలో నీళ్లూ అంతే కావాలి. కట్టెలు అడవినిండా ఉన్నాయి, నీళ్లు లేవు. చుట్టుపక్కల పల్లెల స్త్రీలు కుండలతో మైళ్లకొద్దీ దూరంనుంచి నీళ్లు మోసుకొచ్చి ఆ ఇంజన్ల బాయిలర్లలో పోశారు. మనుషులకూ, ఎడ్లకూ ఆ నీళ్లే. నడినెత్తిన ఎండలో మహాగని పడవలు, నెత్తిన కుండలతో స్త్రీలు! నీటిమీద తేలవలసినదాన్ని కొండమీదికి చేర్చడానికి నీళ్లు మోయవలసి రావడం కంటె విడ్డూరం ఉంటుందా? సెప్టెంబరు 8న ఆరు వేల అడుగులకు పైబడిన పీఠభూమి అంచుకు చేరారు. ఇక దిగడం. ఎక్కేటప్పుడు లాగిన మోకులే దిగేటప్పుడు పట్టి ఆపాయి. సెప్టెంబరు 28న సాంకిసియా.

మిగిలినది సులువనుకుంటే పొరపాటు. చిన్నరైలులో బుకామాకు తెచ్చి లువలబా నదిలో దింపితే, వేసవి చివర కావడంతో నదిలో లోతు లేదు. పడవలు తక్కువ మునిగేలా కింద ఖాళీ పీపాలు కట్టారు. అయినా ఇసుక మేటల్లో ఎన్నిసార్లు కూరుకున్నాయో. ఆ మేరకు ఇంజన్లు పనికిరాలేదు, స్థానికులే తెడ్లు వేసి, దిగి తోసి నడిపించారు. అక్టోబరు 22న కబాలో, మళ్లీ రైలు, 28కి సరస్సు ఒడ్డున లుకుగా (ఇప్పటి కాలెమీ). టిల్‌బరీ వదిలి నాలుగున్నర నెలలు, సుమారు 10,000 మైళ్లు.

యుద్ధం సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది క్లుప్తంగానే జరిగింది. డిసెంబరు 26న 'కింగాని' ఒడ్డుకు దగ్గరగా వచ్చింది. దాని ఫిరంగి ముందుకే పేలుతుంది. లాంచీలు రెండూ దాని వెనక్కి చేరాయి. పదకొండు నిమిషాల్లో తేలిపోయింది. పట్టుకున్న ఓడకు 'ఫిఫి' అని పేరుపెట్టి తమ దళంలో కలుపుకున్నారు. 1916 ఫిబ్రవరి 9న 'హెడ్‌విగ్'ను ముంచారు. మర్నాడు దాన్ని వెతుక్కుంటూ అసలు పెద్ద ఓడ గోట్జెన్ వచ్చింది. స్పైసర్-సిమ్సన్ బయలుదేరలేదు. దాని మీద 'కోనిగ్స్‌బర్గ్' యుద్ధనౌకనుంచి తెచ్చిన పెద్ద ఫిరంగి ఉంది. నలభై అడుగుల చెక్కపడవతో ఎదురువెళ్లనందుకు అతన్ని పిరికివాడన్నవారున్నారు. నేననను. అతని గొప్పలన్నిటిలో ఆ రోజు చేసిన పనే తెలివైనదని నా అభిప్రాయం.

గోట్జెన్‌ను ఎవరూ ముంచలేదు. కిగోమా వదిలిపోవలసి వచ్చినప్పుడు, 1916 జూలై 26న, జర్మన్లే దాన్ని ముంచేశారు. దాన్ని బిగించడానికి వచ్చిన ఇంజనీర్లు ముంచేముందు ఇంజన్లకు దట్టంగా గ్రీజు పట్టించారట, ఎప్పటికైనా పైకి తీస్తారని. తీశారు కూడా, బ్రిటిషువాళ్లు, 1924లో. 1927లో 'లియెంబా' అనే పేరుతో అది మళ్లీ సరస్సుమీదికి వచ్చి, దశాబ్దాల పాటు ప్రయాణికులనూ సరుకులనూ మోసింది.

ఈ కథంతా చెప్పే పుస్తకాలలో దళంలోని ఇరవై ఎనిమిదిమంది పేర్లూ, వారి అలవాట్లూ, కోపతాపాలూ దొరుకుతాయి. పడవలకైతే ముద్దుపేర్లే ఉన్నాయి. వంతెనలు కట్టినవారినీ, కుండలు మోసినవారినీ వెతికాను. 'కూలీలు', 'స్త్రీలు' అనే మాటల దగ్గర ఆగిపోవలసి వచ్చింది. ఈ టపా రాయడానికి నాలుగైదు వారాలు వెనుకాడింది అందుకే.

చివరగా సినిమాలోని లాంచీ గురించి ఒక ముచ్చట. అది 1912లో ఇంగ్లండులోని లైథమ్‌లో కట్టిన 'లివింగ్‌స్టన్'. ఆఫ్రికాకు తరలి, ఆల్బర్ట్ సరస్సులో సరుకులు, మనుషులు మోసి, 1951లో బోగార్ట్‌ను మోసింది. తర్వాత అమెరికావారు ఆ పాత పడవను కొని సముద్రం దాటించుకుపోయారు. చేతులు మారి, ఫ్లోరిడాలో ఒకచోట నీళ్లకు దూరంగా పడి ఉంటే, 1982లో జిమ్ హెండ్రిక్స్ అనే ఆయన కొని, కీ లార్గోకు తెచ్చి నీళ్లలోకి దింపాడు. ఈసారి కొండలేమీ ఎక్కవలసిన అవసరం లేకపోయింది.