చేతి అచ్చుల శుభాకాంక్షల కార్డు

మందపాటి కాగితాన్ని మధ్యకు మడిచి, దానిమీద రబ్బరు స్టాంపులతో బొమ్మలో అక్షరాలో అద్ది, నమూనాలు అచ్చయిన రంగు కాగితపు ముక్కలు కత్తిరించి అంటించి, పండక్కో పెళ్ళికో పుట్టినరోజుకో ఒక మనిషి కోసం తయారుచేసేది చేతి అచ్చుల శుభాకాంక్షల కార్డు. నాలుగైదు స్టాంపులు, ఒక సిరా ప్యాడ్, కత్తెర, జిగురు ఉంటే చాలు. ఇరవయ్యో శతాబ్దం చివరి దశకాల్లో అమెరికా, ఐరోపా ఇళ్ళలో ఇది వ్యాపకంగా స్థిరపడింది. అప్పటినుంచీ దీన్ని ఒక సందేహం వెంటాడుతోంది. స్టాంపు చెక్కింది ఇంకొకరు, కాగితంమీద పువ్వులు వేసింది ఇంకొకరు అయినప్పుడు ఇందులో చేతిపని ఎంత? శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పేరుపడింది గుడికీ, కోటకూ, పట్టుకూ, తోలుబొమ్మలకూ, కార్డులకు కాదు. అయినా ఆ సందేహానికి జవాబు వెతకడానికి ఇంతకన్నా మంచి చోటు తెలుగునాట తక్కువ. ఒకే ఆకారాన్ని మళ్ళీ మళ్ళీ వాడి అందం తెచ్చే పనులు ఇక్కడ ఐదు వందల ఏళ్ళుగా రాతిమీద, సున్నపు గారమీద, తోలుమీద, పట్టుమీద సాగాయి. అచ్చును తయారుచేయడం ఒక పని, దాన్ని ఎక్కడ, ఎన్నిసార్లు, ఏ వరసలో వేయాలో తేల్చడం మరో పని. కార్డు చేసేవారి చేతిపని ఈ రెండోదే.

కార్డు చరిత్రే ఈ మాటకు మొదటి సాక్ష్యం. బ్రిటన్‌లో 1840లో ఒక పెన్నీకే ఉత్తరం చేరే పద్ధతి వచ్చింది. 1843లో హెన్రీ కోల్ అనే అధికారి తన క్రిస్మస్ శుభాకాంక్షల కోసం జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించి, రాతి అచ్చుమీద సుమారు వెయ్యి ప్రతులు తీయించాడు. అమ్మకానికి వచ్చిన తొలి క్రిస్మస్ కార్డుగా పేరు పొందింది అదే. గీతలు అచ్చులో పడ్డాయి, రంగులు మాత్రం చేత్తో వేశారు. అంటే పుట్టుకలోనే ఈ వస్తువు సగం యంత్రానిది, సగం చేతిది. పూర్తిగా చేత్తో చేసిన కార్డు అనే స్వచ్ఛమైన గతం ఒకటుండేదనీ, స్టాంపులు వచ్చి దాన్ని చెడగొట్టాయనీ అనుకోవడానికి ఆధారం లేదు. మన దేశంలో 1879లో కాలణా పోస్టుకార్డు వచ్చాక రాతలో పలకరింపు సామాన్యుడి అందుబాటులోకి వచ్చింది. తెలుగు ఇళ్ళలో దీనికి తోడు శుభలేఖ ఉంది. ప్రెస్సులో వందల ప్రతులు అచ్చయి వచ్చిన శుభలేఖ అలాగే పంచడానికి పనికిరాదు. నాలుగు మూలలా పసుపు అద్దాలి. ఆ పసుపు మరకలో కళానైపుణ్యం ఏమీ లేదు. అయినా అది లేకపోతే శుభలేఖ అసంపూర్ణమని ఇంటివారే అంటారు. సినిమా తారల ఫొటోలతో సంక్రాంతికి, కొత్త సంవత్సరానికి దుకాణాల ముందు వేలాడిన కార్డులు తర్వాతివి. సెల్‌ఫోన్ సందేశాలు ఊడ్చిపెట్టింది ముఖ్యంగా వాటినే.

రబ్బరు స్టాంపు కళగా పుట్టలేదు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరిచే విధానం కనుక్కున్నాడు, 1844లో దానికి అమెరికాలో పేటెంటు పొందాడు. కట్టుడు పళ్ళ చిగుళ్ళు చేయడానికి దంతవైద్యులు వాడిన చిన్న రబ్బరు పొయ్యిలే స్టాంపుల తయారీకీ పనికొచ్చాయి. తర్వాత అది కచేరీల వస్తువైంది; మన తాలూకా ఊళ్ళలో స్టాంపులు చేసే దుకాణాలు తహసీలు కార్యాలయం పక్కన, కోర్టు పక్కన వెలిసింది అందుకే. ఆఫీసు స్టాంపును బొమ్మలోకి లాగినవారిలో జర్మనీకి చెందిన కుర్ట్ ష్విటర్స్ ముందువాడు. 1919 ప్రాంతంలోనే స్టాంపు ముద్రలతో చిత్రాలు చేశాడు. న్యూయార్క్‌లో రే జాన్సన్, ఆయన బాటలో ఉత్తరాలనే కళగా పంపుకున్న చిత్రకారులు దీన్ని ఇంకా విస్తరించారు. ఇళ్ళలోకి, అంటే పువ్వులూ పిట్టలూ పలకరింపు మాటలూ ఉన్న స్టాంపుల రూపంలోకి, వచ్చింది ఆ తర్వాతే. నమూనా కాగితం చరిత్ర వేరు. ఐరోపాలో చెక్క దిమ్మెలతో పువ్వులు అద్దిన కాగితాలను పుస్తకాల అట్టల లోపలి వైపు అంటించడానికి వాడేవారు. మన దగ్గర 1934లో గాంధీజీ ప్రోత్సాహంతో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం, దాన్ని వార్ధాలో నడిపిన జె.సి.కుమారప్ప చేతికాగితానికి మళ్ళీ ప్రాణం పోశారు. పత్తి పేలికల గుజ్జుతో చేసే ఆ మందపు కాగితమే నేడు చేతి కార్డులకు అన్నిటికన్నా అనువైనది. సిరాను మెల్లగా పీల్చుకుంటుంది, మడిస్తే విరగదు.

ఇక ఈ ప్రాంతం సంగతి. 1565 యుద్ధం తర్వాత తిరుమల దేవరాయలు విజయనగర రాజధానిని పెనుకొండకు మార్చాడు. విజయనగర రాజుల దానశాసనాలు రాగిరేకులమీద చెక్కి, రేకులను ఒక ఉంగరానికి గుచ్చి, ఉంగరంమీద వరాహ ముద్ర వేసేవారు. చివర రాజు సంతకంగా కన్నడ లిపిలో శ్రీ విరూపాక్ష అని ఉండేది. ఆరవీటి వేంకటపతి దేవరాయల శాసనాల్లో ఆ చోట శ్రీ వేంకటేశ వచ్చింది. ఎవరి శాసనానికైనా వేసేది ఆ వరాహమే. అంతమాత్రాన దానం పొందినవాడు ఇది నాకోసం ప్రత్యేకంగా ఇచ్చింది కాదని అనుకోలేదు. అతని పేరు, గోత్రం, ఊరు, ఎల్లలు రేకుమీద ఉన్నాయి కదా. ముద్రది అధికారం, దానికీ అలంకారానికీ పోలిక ఏమిటని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిందే. పెనుకొండ సాక్ష్యం సగమే పనికొస్తుంది: అందరికీ పడే గుర్తు, ఒక్కరికే చెందిన మాట ఒకే వస్తువులో ఇమడగలవని మాత్రం చెబుతుంది. చేతి సంగతి అది తేల్చదు.

దాన్ని తేల్చడానికి హిందూపురానికి సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలోని లేపాక్షికి వెళ్ళాలి. అచ్యుత దేవరాయల కాలంలో (1529–1542) పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ వీరభద్రాలయాన్ని కట్టించారు. పైకప్పు చిత్రాల్లో కథల మధ్య పట్టీలు, స్త్రీల చీరల మీద చారలు, గళ్ళు, పువ్వులు, హంసలు కనిపిస్తాయి. పదహారో శతాబ్దపు దక్షిణాది బట్టలు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి చరిత్రకారులు వీటినే చూస్తారు. ఇవన్నీ కుంచెతో వేసినవి, ఇక్కడ అచ్చు లేదు. ఒకే చీరమీద పక్కపక్కనున్న రెండు పువ్వులు అచ్చంగా ఒకేలా ఉండవు. చేతిపనికి అచ్చు అక్కర్లేదనడానికి ఇదే రుజువని వాదించవచ్చు. కానీ ఆ చిత్రకారుడు దేనికోసం తాపత్రయపడ్డాడో గమనించాలి. తేడా చూపడం అతని ఉద్దేశం కాదు. మగ్గంమీదా దిమ్మెకిందా బట్టకు వచ్చే క్రమాన్ని కుంచెతో పట్టుకోవాలని చూశాడు. ఒకటే ఆకారం మళ్ళీ మళ్ళీ రావడం అతని కంటికి దోషంగా తోచలేదు, అందంగానే తోచింది. లతామంటపం స్తంభాల ముఖాల మీద చెక్కిన తీగలు, పువ్వులు, గళ్ళ నమూనాలు దీన్నే ఇంకొక రకంగా చూపుతాయి. చదరంలో బిగించిన నమూనా ఏ వరసలోనైనా ఒదుగుతుంది, ఎంత దూరమైనా సాగుతుంది. చీర అంచుల నమూనాలు గీసేవారు నేటికీ అక్కడికి వెళ్ళి చూసి వస్తారు. కార్డుకు స్టాంపు కోయదలచినవారికీ ఇంత సిద్ధమైన భాండారం మరొకటి దొరకదు.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటది. ఈ ఊరి తోలుబొమ్మల కుటుంబాలు ఇంట్లో మరాఠీ మాట్లాడతాయి, ఆట మాత్రం తెలుగులో ఆడతాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేకతోలును శుభ్రంచేసి, వెలుతురు దూరేటంత పలచగా చేసి, దానిమీద మొనదేలిన ఇనుప పుల్లతో బొమ్మ గీస్తారు. నగలు, కిరీటం, చీర అంచు మాత్రం గీతలతో రావు. చిన్న చిన్న ఉలులతో కొట్టిన చిల్లుల్లోంచి దీపపు వెలుతురు వచ్చినప్పుడే అవి కనిపిస్తాయి. ఉలి మొన గుండ్రంగా ఉంటే గుండ్రని చిల్లు, అర్ధచంద్రంలా ఉంటే అలాంటి చిల్లు. గుప్పెడు ఉలులతోనే రాముడి కిరీటమూ రావణుడి పది తలల నగలూ తయారవుతాయి. స్టాంపు పని చేసే తీరు అక్షరాలా ఇదే: మారని ఆకారం, మారే అమరిక. ఉలి దెబ్బ పడ్డాక తోలును అతుకు వేయలేం, సిరా అంటాక కార్డును కడగలేం. అందుకే రెండు పనుల్లోనూ నేర్పు దెబ్బకు ముందే ఉంటుంది. ఎడం లెక్కపెట్టడం, మూల దగ్గర వరస ఎలా తిరుగుతుందో ముందే చూడడం, చేతి బరువు సమంగా ఉంచడం. ఉలి తనే చేసుకున్నాడా, కమ్మరి దగ్గర కొన్నాడా అని చూసి ఎవరూ తోలుబొమ్మను చేతిపనుల జాబితాలోంచి తీసేయరు. ఆట చూసేవారు తగ్గాక ఈ ఊరు దీపాల గొడుగులు, గోడకు వేలాడదీసే బొమ్మలు చేయడం మొదలుపెట్టింది. వస్తువు మారింది, ఉలులు మారలేదు.

ధర్మవరం పట్టులో ఈ విభజన ఇంకా తేటగా కనిపిస్తుంది. అంచు, కొంగు నమూనాను ఒకరు గళ్ళ కాగితంమీద గీస్తారు. ఇంకొకరు దాన్నిబట్టి అట్టలకు చిల్లులు కొట్టి, వాటిని వరసగా కుట్టి మగ్గంమీది జకార్డు యంత్రానికి ఎక్కిస్తారు. నేత వేరొకరిది. ఒక్కో అట్ట ఒక్కో పోగు వేసేటప్పుడు ఏ దారాలు లేవాలో చెబుతుంది. 1804లో ఫ్రాన్సులో వచ్చిన ఈ యంత్రాన్ని వాడుతున్నా, ఇప్పుడు కంప్యూటర్‌లో నమూనాలు గీస్తున్నా, ఆ చీరను చేనేత అంటున్నాం, చట్టమూ అలాగే గుర్తించింది. నమూనా ఇంకొకరిది కనుక ఇది చేనేత కాదని ధర్మవరంలో ఎవరైనా అంటే నవ్వుతారు.

ఈ వాదనకు రెండు అభ్యంతరాలు బలమైనవి. రాయి, తోలు, పట్టు వేరు, కాగితం వేరు. ఈ ప్రాంతపు కళలకూ కార్డుకూ వంశపారంపర్యం లేదు అన్నది మొదటిది. ఇది నిజం, ఇక్కడ వంశవృక్షం గీయడమూ లేదు. కార్డు బయటి నుంచి వచ్చినదే. చూపదలచినది పని స్వభావంలో పోలిక. అది మచిలీపట్నం, పెడన కలంకారీ దగ్గర మరీ దగ్గరగా కనిపిస్తుంది. అక్కడ కరక్కాయలో తడిపిన బట్టమీద గీతకు ఒక దిమ్మె, నింపే రంగుకు వేరే దిమ్మె అద్దుతారు. అంచు మూల తిరిగేచోట అచ్చు అవతలికి పోకుండా కాగితం అడ్డుపెడతారు. కార్డుల వారూ మూల దగ్గర చేసేది అదే, అడ్డుపెట్టేదీ కాగితమే.

రెండో అభ్యంతరానికి ఒప్పుకోవలసిన భాగం ఎక్కువ. ఇప్పుడు అన్నీ కత్తిరించి, కొలిచి, అంటించే చోటు కూడా గుర్తుపెట్టి పెట్టెలో అమ్ముతున్నారు. లేజర్‌తో కోసిన స్టాంపులు గంటలో వస్తాయి. పెట్టెలోని సూచనల ప్రకారం చేసిన కార్డును చేతిపని అనడం కష్టమే. ఎక్కడ, ఎన్ని, ఏ వరసలో అన్న నిర్ణయాలన్నీ పెట్టె ముందే తీసేసుకుంది. అయితే ఈ అభ్యంతరం తాకేది సిద్ధం చేసిన అమరికను. అచ్చును కాదు. అదే పరిశ్రమ తెచ్చిన పారదర్శక స్టాంపునే చూడండి. వెనకనున్న కాగితం కనబడేలా దాన్ని చేసింది ముద్ర సరైన చోట పడటం కోసమే. ఈ పనిలో అసలు చిక్కు ఎక్కడుందో వ్యాపారులు కూడా గుర్తించారన్నమాట.

లేపాక్షి హంసనో నిమ్మలకుంట నగ వరసనో స్టాంపుగా కోస్తే అది ఎవరి సొత్తు అన్న ప్రశ్న మిగిలింది. ధర్మవరం పట్టుచీరలకు, ఆంధ్ర తోలుబొమ్మలకు 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం కింద రక్షణ ఉంది. ఆ రక్షణ పేరుకు, ఆ పేరుతో అక్కడ తయారైన వస్తువుకు. నాలుగున్నర శతాబ్దాలు దాటిన గుడి నమూనాకు కాపీహక్కు లేదు. కనుక హిందూపురంలోనో ఇంకెక్కడో ఒకరు ఆ హంసను రబ్బరుమీద కోసి కార్డుమీద వేస్తే చట్టపరంగా తప్పు లేదు. ఆ ముద్రను యంత్రంతో తోలుమీద కొట్టి ఆంధ్ర తోలుబొమ్మల పని అని అమ్మితే మాత్రం కేసు అవుతుంది.