దుల్కీ

ఎలగందుల కోట కింద, మానేరు నీళ్లు వెనక్కి తగ్గి వదిలిన చదును నేల. పొద్దున ఆరున్నర. రాత్రి కరీంనగర్‌లో పెండ్లికొడుకును మోసిన తెల్ల నుక్రా గుర్రం జరీ గుడ్డలన్నీ విప్పేసుకుని, ఉత్త జీనుతో మీ ముందు నిలబడి ఉంది. జూలులో చెమ్కీలు ఒకటి రెండు ఇంకా మెరుస్తున్నాయి.

ఎడమ పాదం రికాబులో పెట్టి ఎక్కుతారు. నడక హాయిగానే ఉంది. నాలుగు డెక్కలు, నాలుగు చప్పుళ్లు, ఎడ్లబండిలో కూర్చున్నట్టే. "దుల్కీ ఉరికియ్యాల్నా సార్?" అంటాడు గుర్రం చాచా. మీరు తలూపేలోపే నాలుకతో టక్కుమనిపిస్తాడు.

ఇక చూడండి. జీను కిందినుంచి ఎవరో తన్నుతున్నట్టుంటుంది. పళ్లు కొట్టుకుంటాయి. ఎదురుగా గుట్ట మీది దో మినార్ రెండుకు నాలుగై కనిపిస్తుంది. భయంతో మోకాళ్లు బిగించి పగ్గం గుంజుతారు.

"గుంజకుండ్రి సార్! దాని నోట్లె ఇనుముంది, నొస్తది."

పట్టు వదిలి, చెవి పెట్టి వినండి. నాలుగు చప్పుళ్లు లేవిప్పుడు, రెండే. కుడి ముందుకాలూ ఎడమ వెనక కాలూ ఒక జత, మిగిలినవి ఇంకో జత. ఒక జత దిగి ఇంకోటి దిగేలోపు రెప్పపాటు నాలుగు కాళ్లూ గాల్లోనే ఉంటాయి. కంటికి అందని ఆ క్షణాన్ని 1878లో పాలో ఆల్టోలో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ వరుస కెమెరాలు పెట్టి పట్టుకున్నాడు. మీ నడుముకు మాత్రం ఏ కెమెరా అక్కర్లేదు.

ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు వడ్లు దంచడం చూశారా? ఒక రోకలి లేస్తే ఒకటి పడుతుంది. వరస తప్పితే రెండూ గుద్దుకుంటాయి. ఇందాకటి నుంచి మీరు చేస్తున్నది ఆ గుద్దుకోవడమే.

"కుడి భుజం సూడుండ్రి. ముంగటికి పోంగనే లేవాలె, ఎన్కకు రాంగనే కూసోవాలె."

గుర్రం ఎడమవైపు గుండ్రంగా తిరుగుతోంది కాబట్టి కుడి భుజం. కుడివైపు తిరిగితే ఎడమ భుజం. లేవడమంటే నిలబడటం కాదు, జీను తోసినంత మేర పోనివ్వడమే. మూడుసార్లు తప్పుతారు. నాలుగోసారి దెబ్బ తగలదు. లే, కూర్చో, లే, కూర్చో. గుర్రం మెడ దించి ముక్కుతో బుస్సుమంటుంది. మీరు బిగుసుకోవడం మానేశారని దానికి తెలిసింది.

అమరకోశం గుర్రం నడకలను అయిదు ధారలుగా చెప్పింది. అందులో ధౌరితకమంటే ఇదేనంటారు. గంటకు పదమూడు కిలోమీటర్ల లెక్కన దూరం తినేసే నడక. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారేదాకా కచేరీ ఈ ఎలగందులలోనే. అక్కడికీ ఇక్కడికీ పది కిలోమీటర్ల చిల్లర, దుల్కీలో ముప్పావు గంట పైచిలుకు. అలాంటి జంతువుకు డీజే ముందు ఉన్నచోటే కాళ్లెత్తి ఆడటం నేర్పాం. నాకది నచ్చదు.

దిగగానే తొడలు వణుకుతాయి, రేపు మెట్లు ఎక్కలేరు. చాచా జీను విప్పి, చెమట తుడిచి, బకెట్‌లో నీళ్లు పెడతాడు. రాత్రి ఎనిమిదింటికి దానికి ఇంకో బారాత్ ఉంది.